చిట్టా, ఆవర్జా, సాక్షి

దినచర్యను రాసుకునే అలవాటుకు మూలాలు వెదికేవారు సాధారణంగా ఉపనిషత్తుల దగ్గర మొదలుపెడతారు. తెలుగునాట ఆ వెదుకులాట కరణంగారి లెక్కల పెట్టె దగ్గర మొదలైతే ఇంకా కొంత దూరం సాగేది. పాత పద్దుల పద్ధతిలో ఏ రోజు జమాఖర్చు ఆ రోజే, జరిగిన వరుసలోనే, ముఖ్యమైనదీ కానిదీ అన్న తేడా చూడకుండా ఎక్కించే పుస్తకాన్ని చిట్టా అనేవారు. ఆ పద్దులనే తర్వాత తీరికగా పేరుపేరునా విడదీసి, ఎవరి ఖాతాలో ఎంత నిలవ ఉన్నదో తేల్చే పుస్తకాన్ని ఆవర్జా అనేవారు. చిట్టా రాసేవాడికి ఆ పూట తాను లాభంలో ఉన్నాడో నష్టంలో ఉన్నాడో తెలియనవసరం లేదు, నిజానికి తెలియదు కూడా. తెలిసేది ఆవర్జాకు ఎక్కించినప్పుడే. దినచర్య రచన వల్ల మనిషికి తన్ను గురించి కొత్తగా ఏదైనా తెలిసేటట్లయితే అది ఈ రెండు పుస్తకాల మధ్య ఉన్న ఎడంలో తెలుస్తుంది తప్ప, రాస్తున్న క్షణంలో లోపలినుంచి ఏదో వెలుగు పొంగి రావడం వల్ల కాదు.

ఈ అలవాటుకు శాస్త్రప్రమాణం చూపదలచినవారు పతంజలి యోగసూత్రాల్లోని ‘స్వాధ్యాయం’ అనే మాటను ఎత్తుకుంటారు. ‘స్వ’ అంటే తాను, ‘అధ్యాయం’ అంటే చదువు, కాబట్టి తన్ను తాను చదువుకోవడమే స్వాధ్యాయమని వారు చెప్పే అర్థం వినసొంపుగానే ఉంటుంది. కాని ఆ సూత్రాలకు అతి ప్రాచీనమైన వ్యాసభాష్యం ప్రణవాది పవిత్రమంత్రాల జపాన్ని, మోక్షశాస్త్రాల అధ్యయనాన్ని స్వాధ్యాయమన్నది తప్ప, సొంత మనస్సును కాగితం మీద పెట్టడాన్ని అనలేదు. అసలు వేదసంప్రదాయమంతా చెవినీ నాలుకనూ నమ్మినంతగా చేతిని నమ్మలేదు. దినచర్యకు భారతీయ పూర్వరూపం కావాలంటే జైనుల ప్రతిక్రమణం దానికి చాలా దగ్గరి చుట్టం: ఉదయం, సాయంకాలం కూర్చుని, గడచిన వేళలో మాటచేతా పనిచేతా మనస్సుచేతా జరిగిన అతిక్రమణలను ఒక్కొక్కటిగా తలచుకుని వెనక్కి మళ్లడం అన్నది ఆ మాటకు అర్థం. రోమన్ తత్త్వవేత్త సెనెకా తాను రాత్రి దీపం తీసేశాక, భార్య మాట్లాడడం మానేశాక, ఆనాటి తన నడతనంతా విచారణకు పెట్టుకుంటానని కోపాన్ని గురించిన గ్రంథంలో చెప్పుకున్నాడు. ఈ రెంటిలోనూ రాత లేదు. లెక్క ఉంది, లెక్క అడిగేవాడున్నాడు, ఇద్దరూ ఒకే మనిషి. రాత ఈ ఏర్పాటుకు అదనంగా చేర్చింది ఒక్కటే: నిన్నటి సమాధానాన్ని నేడు మార్చడానికి వీల్లేకుండా చేయడం.

తెలుగులో నియమంగా సాగిన దైనందిన రచనకు అతి దీర్ఘమైన ఉదాహరణ తాళ్లపాక అన్నమాచార్యులది. 1424లో మొదలై 1503లో ఆయన మరణించే దాకా, రోజుకు ఒక్కటికి తక్కువ కాకుండా సంకీర్తన చెప్పాడని సంప్రదాయం చెబుతుంది. తేదీలకు తిరుమల రాగిరేకుల ఆధారముంది, ముప్పైరెండు వేల సంకీర్తనలన్న లెక్కను ఆయన మనుమడు చిన్నన్న చెప్పాడు. వాటిని అధ్యాత్మ, శృంగార సంకీర్తనలుగా విడదీసి రాగిరేకులకెక్కించారు. ఒక విధంగా ఆ విభజనే ఆవర్జా. వాటిని డైరీ అనడం అతిశయోక్తి అనిపించవచ్చు, ఎందుకంటే అందులో ఆనాడు ఎవరు వచ్చారో ఏమి తిన్నారో లేదు. కాని అధ్యాత్మ సంకీర్తనల్లో అలసట, సిగ్గు, తన వయసు మీద తనకే విసుగు, కొలువులో రాజుల ముందు నిలబడవలసి వచ్చినందుకు రోత కనిపిస్తాయి. అవి ఒక్కనాటి భావాలు, మరునాటికి వేరే భావం వాటి స్థానంలోకి వస్తుంది, ముందునాటి దాన్ని ఎవరూ కొట్టివేయలేదు. భక్తుడి మనస్సు ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు ఎక్కుతూ పోతుందన్న అందమైన ఊహకు ఆ రేకులు సాక్ష్యమివ్వవు. అక్కడ కనిపించేది ఒకే గుమ్మం దగ్గరికి ప్రతి ఉదయం మళ్లీ మొదటినుంచి నడిచి రావడం.

ఏనుగుల వీరాస్వామయ్య దినచర్య స్వభావం వేరు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా చూసి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరేదాకా, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపుతూ రాసిన రోజువారీ వృత్తాంతమే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. మజిలీల మధ్య దూరాలు, నీటి వసతి, దొరికే సరుకులు, సత్రాల స్థితి అన్నీ అందులో చిట్టా పద్ధతిలోనే ఉంటాయి; వాటి నడుమ, ఏ సూచనా లేకుండా, కర్మమేమిటి, దేవుడొక్కడైతే ఇన్ని మతాలెందుకు, తీర్థంలో మునిగినవాడికి నిజంగా కలిగేదేమిటి అన్న విచారణ మొదలై కొంత దూరం సాగి, మరుసటి మజిలీ రాగానే ఆగిపోతుంది. ఆ విచారణను ప్రత్యేక గ్రంథంగా రాసి ఉంటే ఆయన పండితుల వాదాలకు జవాబు చెప్పవలసి వచ్చేది. దారి లెక్కల మధ్య రాసినందువల్ల నడిచిన కాళ్లకు కలిగిన సందేహంగా అది నిలిచింది. ఆయన తిరుగు ప్రయాణం ఉత్తరాంధ్ర తీరం వెంబడి సాగింది; ఆ బాటకు పడమటగా, కంటికి నీలిగా కనిపించే మన్యపు కొండల్లో మనుషులు తమ రోజులను ఎలా గుర్తుంచుకుంటారన్న ప్రశ్న ఆనాటి యాత్రికుడి పుస్తకంలోకి రావలసిన అవసరం లేకపోయింది. దానికి ఈ వ్యాసం తర్వాత వస్తుంది.

దినచర్య ఆత్మజ్ఞానానికి దారి అవునా కాదా అన్నది తేల్చడానికి అందులో ఏమున్నదో చూడడంకంటే అందులో ఏ సర్వనామం ఉన్నదో చూడడం మేలు. మార్కస్ అరీలియస్ చక్రవర్తి డాన్యూబ్ తీరపు యుద్ధశిబిరాల్లో తనకోసం రాసుకున్న పుటల్లో ఎక్కువగా ‘నీవు’ అని తన్ను తానే సంబోధించుకున్నాడు. పైగా రోమన్ పాలకుడై ఉండి లాటిన్ వదిలి గ్రీకులో రాశాడు. గురజాడ అప్పారావు సంగతి చూస్తే ఈ రెండోది మరీ చిత్రంగా ఉంటుంది: వాడుక భాష కోసం జీవితమంతా పోరాడి, తన నాటకంలో మధురవాణి నోట అంత జీవమున్న తెలుగును పలికించిన ఆయన తన డైరీలను ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసుకున్నాడు, తెలుగు పాఠకులు వాటిని అనువాదంలో చదువుకోవలసి వచ్చింది. చదువుకున్నవారి అలవాటు అని దీన్ని కొట్టిపారేయవచ్చు. అయితే తనకు మరీ దగ్గరైన భాషలో మనిషి తన్ను తాను సమర్థించుకోవడం సులువు, సాకులన్నీ ఆ భాషలోనే పుట్టాయి కాబట్టి. కొంచెం దూరపు భాషలో అదే సాకు ఎత్తితే చెవికి కరకుగా తగులుతుంది. సాక్షికి దూరం కావాలి. ఆ దూరాన్ని ఒకరు సర్వనామంతో, ఒకరు భాషతో సంపాదించుకున్నారని చెప్పుకోవచ్చు.

సాక్షి అన్న మాటను ఇక్కడ వేదాంతులు వాడే అర్థంలోనే తీసుకోవాలి. చేసేవాడు కర్త, అనుభవించేవాడు భోక్త, ఈ ఇద్దరినీ ఏ పక్షమూ వహించకుండా చూసేది సాక్షి. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీది రెండు పక్షుల్లో పండు తినకుండా ఊరకే చూసే పక్షి దీనికి ప్రసిద్ధమైన ఉపమానం. దినచర్య రాసేవాడు ఈ రెండో పక్షి తానేనని అనుకోవడానికి చాలా తొందరపడతాడు. పగలు కోపంతో అరిచిన మనిషి రాత్రి ‘ఈ రోజు కోపం వచ్చింది’ అని రాసుకున్నప్పుడు, రాసిన చేయి అరిచిన నోటికంటే వేరన్న భ్రమ కలుగుతుంది. కాని పశ్చాత్తాపం అనే పండును ఆ చేయి కూడా తింటూనే ఉంటుంది, ఆ పండు రుచికి అలవాటుపడి రేపటి కోపానికి చోటు వదిలిపెడుతుంది కూడా. వేదాంతం దృష్టిలో రాసేవాడూ దృశ్యమే, అంటే చూడబడేదే. కాబట్టి దినచర్య సాక్షిని చూపించలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నది సాక్షి కాదని మాత్రం, పుటలు పెరిగినకొద్దీ, తప్పించుకోలేనంత స్పష్టంగా చూపగలదు.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఈ చిక్కును బాగా ఎరిగినవాడు. 1940లలో ఓహాయిలో చేసిన ప్రసంగాల్లో ఆయన శ్రోతలకు, మనస్సు పరుగును కనిపెట్టడానికి, కలిగిన ఆలోచననూ భావాన్నీ వీలైనంతవరకు రాసి చూడమని చెప్పాడు. దిద్దడానికి రాయమనలేదు, మంచి ఆలోచనలు ఏరుకోమనీ అనలేదు, రాయడానికి కాగితం తీసుకునే లోపలే ఆలోచన ఎంత మారిపోతుందో గమనించడం అందులోని అసలు ప్రయోజనం. తర్వాత 1961 జూన్ నుంచి ఏడు నెలలపాటు తానే ఒక నోటుపుస్తకం రాశాడు, పెన్సిల్‌తో, దాదాపు కొట్టివేతలు లేకుండా. అది 1976లో అచ్చయింది. 1973లో మొదలుపెట్టిన మరొక దినచర్యలో తన బాల్యాన్ని తలచుకుంటూ ‘అతడు’ అని రాశాడు. 1983, 84 సంవత్సరాల్లో చేయి సహకరించక, ఒంటరిగా కూర్చుని టేపురికార్డరుకు చెప్పిన మాటలు మూడో పుస్తకమయ్యాయి. ఈ మూడింటిలోనూ పుట ఎక్కువగా మొదలయ్యేది చెట్టుతోనో నదితోనో వెలుతురుతోనో. ‘అతడు’ చాలా తర్వాత, కొన్నిసార్లు అసలే రాడు. అంతరంగాన్ని వెదకడానికి డైరీ తెరిచినవారు సాధారణంగా కిటికీ మూసుకుంటారు. కృష్ణమూర్తి పుటల్లో కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

అరుణాచలంలో రమణమహర్షి ఇంకొక కొస నుంచి ఇదే ప్రశ్నకు చేరాడు. 1902లో దక్షిణ ఆర్కాటు కలెక్టరేటు రెవెన్యూ శాఖ ఉద్యోగి శివప్రకాశం పిళ్లై ఉద్యోగం పని మీద తిరువణ్ణామలై వచ్చి, విరూపాక్ష గుహలో మౌనంగా ఉన్న యువకుణ్ణి ‘నేనెవరు’ అన్న ప్రశ్న అడిగితే, జవాబులు సైగలతోను, ఇసుక మీదా పలక మీదా రాతతోను వచ్చాయి. ఇసుక మీద రాసినవాడికి ఆ రాత నిలవాలన్న కోరిక లేదు. దాన్ని కాగితానికెక్కించి దాచినది పద్దులు రాసే శాఖలో పనిచేసిన మనిషి, రెండు దశాబ్దాల తర్వాత 1923లో అది తమిళంలో పుస్తకంగా వచ్చింది. అడిగినవాడికి రాత అవసరమైంది, చెప్పినవాడికి కాలేదు. అయినా ఆ కాగితమే లేకపోతే ఆత్మవిచార పద్ధతి తర్వాతి తరాలకు అంత సూటిగా అందేది కాదు. గుంటూరు జిల్లా కొలనుకొండకు చెందిన సూరి నాగమ్మ 1945 నవంబరు నుంచి తన అన్నకు తెలుగులో రాసిన లేఖలు కూడా ఈ కోవలోనివే. చిన్ననాడే వైధవ్యం పొంది, ఇంట్లోనే సొంతంగా చదువు నేర్చుకున్న ఆ స్త్రీ రాసినది మహర్షిని గురించే, తన్ను గురించి చాలా తక్కువ. అయినా ‘శ్రీరమణాశ్రమ లేఖలు’ చదివినవారికి ఆమె వినికిడి ఎంత పదునైనదో, ఏ మాట దగ్గర ఆమె కలం ఆగిందో తెలుస్తూనే ఉంటుంది. తన్ను వదిలి ఎదుటివారిని నిజాయతీగా రాసినా అది రాసినవారి అంతరంగచరిత్రే అవుతుందనడానికి తెలుగులో ఇంతకన్న మంచి నిదర్శనం దొరకడం కష్టం.

ఇంతవరకు చెప్పినవారందరికీ కాగితం స్నేహితుడే. అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి, చింతపల్లి ప్రాంతాల కొండల్లో కాగితం చరిత్ర అలాంటిది కాదు. అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో సామలు, కొర్రలు చల్లి కొన్నేళ్లకు మరో కొండవాలుకు జరిగే పోడు వ్యవసాయం మీద 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత ఆంక్షలు వచ్చినప్పుడు అవి కాగితం రూపంలోనే వచ్చాయి. కొన్ని గ్రామాల గుంపును ‘ముఠా’ అని, దాని పెద్దను ముఠాదారు అని గుర్తించిన సనదు కూడా కాగితమే. కొద్దిపాటి అప్పు కోసం మనిషి తన శ్రమను ఏళ్ల తరబడి సాహుకారుకు తాకట్టుపెట్టే గొత్తి పద్ధతిలో, చదవలేనివాడి వేలిముద్ర పడేదీ కాగితం మీదే. గొత్తిని రద్దుచేయడానికి 1940లో, ముఠాదారీని రద్దుచేయడానికి 1969లో ప్రత్యేక రెగ్యులేషన్లు తేవలసి వచ్చింది. కొండమనిషికి తన్ను గురించిన రాత ఎదుటివాడి చేతిలో ఉండేది, ఆ చిట్టాను తాను చదవలేడు, ఆవర్జాలో మాత్రం తాను ఎప్పుడూ బాకీదారే. ఇటువంటి చోట ‘నిన్ను నీవు రాసుకో, నీకు నీవు తెలుస్తావు’ అన్న సలహా ఎంత అమాయకమైనదో వేరే చెప్పనక్కరలేదు.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణా మీద పడినప్పుడు జరిగిన ఒక చిన్న పని ఈ సందర్భంలో గుర్తుకు రావాలి. ఏయే ఆయుధాలు తీసుకుపోతున్నదీ ఠాణాలోని రికార్డు పుస్తకంలోనే రాసి, రాజు సంతకం చేశాడని చరిత్రకారులు నమోదు చేశారు. యుద్ధనీతిగాను, ధిక్కారంగాను దాన్ని వర్ణించడం పరిపాటి, అందులో తప్పు లేదు. ఆత్మవిచార దృష్టితో చూస్తే దాని విలువ ఇంకొకటి కూడా ఉంది: సన్న్యాసివేషంలో ఆ కొండల్లో తిరిగిన మనిషి, అప్పటిదాకా కొండవారి మీద ఇతరులు రాస్తూ వచ్చిన పుస్తకంలో, తాను చేసిన పనిని తన చేత్తో, తన పేరుతో, సాకు గాని పశ్చాత్తాపం గాని జోడించకుండా ఎక్కించాడు. కర్త ఎవరో దాచని పద్దు అది. మరో రెండేళ్లలోపే, 1924 మే 7న, ఆయన కథ ముగిసింది. ఆయన వెంట నడిచిన కొండవారు ఎక్కువమంది చరిత్రలో మిగిలింది వాంగ్మూలాల్లోను తీర్పుల్లోను మాత్రమే. వాంగ్మూలం కూడా ‘నేను’ అనే మాటతోనే మొదలవుతుంది. కాని అడిగేవాడు బల్లకు అవతల కూర్చుని ఉన్నప్పుడు ఆ ‘నేను’ ఎంతవరకు తనదన్నది, దినచర్యను ఆత్మజ్ఞానసాధనంగా మెచ్చుకునే గ్రంథాలు సాధారణంగా అడగని ప్రశ్న.

కాగితం లేని చోట ఆత్మపరిశీలన లేదనుకోవడం మాత్రం పొరపాటు. విశాఖ మన్యంలో మంచిరోజులు నిర్ణయించే దిసారి, జబ్బుకో ఆపదకో కారణం వెదికే గురువు, ఇంటివారినీ ఊరివారినీ కూర్చోబెట్టి, ఏ మొక్కు తీరలేదు, ఏ దేవత వాటా ఎగ్గొట్టారు, కొత్త తినకముందే ఎవరైనా నోట పెట్టుకున్నారా అని ఒక్కొక్కటే అడుగుతారు. కొత్త అంటే ఆ ఏడు పండిన పంటనో కాయనో దేవతకు, పెద్దలకు పెట్టిన తర్వాతనే ఊరంతా కలిసి మొదటిసారి తినే పండుగ. మామిడి కొత్త, సామ కొత్త అంటూ ఏడాది పొడుగునా వరుసగా వస్తాయి. సంవత్సరం ఎలా గడిచిందన్న లెక్క ఆ వరుసలోనే ఉంటుంది, ఆ లెక్కను అందరూ మోస్తారు, ఒక్కరు మరచిపోతే పక్కవారు దిద్దుతారు. అక్కడి సర్వనామం ‘నేను’ కన్న ‘మేము’ అని చెప్పాలి. ఒంటరి డైరీ చేసే మేలు ఇందులో కొంత దొరకదు, ఎందుకంటే ఊరికి చెప్పలేని తప్పును దాచుకోవడానికి ఇక్కడ పుట లేదు. ఒంటరి డైరీకి ఉన్న పెద్ద జబ్బు కూడా ఇందులో లేదు, తనకు తానే అబద్ధం చెప్పుకుంటే పట్టుకునేవారు చుట్టూ ఉన్నారు. మనస్తత్త్వవేత్త జేమ్స్ పెన్నిబేకర్ 1986లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో, బాధాకరమైన అనుభవాన్ని వరుసగా నాలుగు రోజులు పావుగంట చొప్పున రాసిన విద్యార్థులు తర్వాతి నెలల్లో ఆరోగ్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్లారని తేలింది. తర్వాత జరిగిన అనేక పరిశోధనల్లో ఆ ప్రభావం ఉన్నా చిన్నదేనని కూడా తేలింది. చెప్పుకోవడంలోనే ఏదో ఉపశమనం ఉన్నదన్నంతవరకు ఆ ప్రయోగం, కొండ ఊరి కూడిక ఒకే మాట చెబుతున్నాయి.

ఈ రెండు పద్ధతులూ ఒకచోట కలుసుకున్న ఘట్టం చట్టంలోనుంచే రావడం విశేషం. 2006 అటవీహక్కుల చట్టానికి 2008 జనవరి 1న వచ్చిన నియమాల ప్రకారం, ఫలానా కొండవాలును ఫలానా కుటుంబం ఎప్పటినుంచో సాగుచేస్తున్నదనడానికి సాక్ష్యంగా, హక్కు కోరేవారు కాక వేరే పెద్దలు చెప్పిన మాటను లిఖితరూపంలో పెట్టి సమర్పించవచ్చు. అంటే ఏనాడూ చిట్టాకెక్కని జ్ఞాపకం, ఏ ఏడు ఏ వాలు నరికారు, ఆ ఏడు ఏ పండుగనాడు వాన పడింది, ఏ చెట్టు కింద ఎవరిని పూడ్చారు అన్నది, మొదటిసారి ఆ మనుషుల పక్షాన కాగితమెక్కింది. దాని ఉద్దేశం పట్టా, ఆత్మజ్ఞానం కాదు. అయినా తన గతాన్ని అధికారి ముందు వరుసగా చెప్పడానికి కూర్చున్న ముసలివారికి ఆ వరుస తమకే కొత్తగా వినబడి ఉండదని అనలేము. చెప్పేటప్పుడు మనిషి తన బతుకును మొదటిసారి బయటినుంచి వింటాడు.

ఇక మిగిలింది రాసుకునే భాష. గూడెం కొత్తవీధి పరిసరాల ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో చదవడం, రాయడం నేర్చిన తొలి తరం. కొందరికి ఇంటి భాష కువి, కొందరికి ఆదివాసీ ఒరియా, బడి భాష తెలుగు. 2000 దశకం తొలి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇటువంటి భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేయించింది. ఇంగ్లీషులో డైరీ రాసుకున్న గురజాడకు ఆ దూరం ఎంచుకున్నది. బడిలో తెలుగులో తన దినచర్య రాసే కువి బాలికకు ఆ దూరం ఎవరో ఇచ్చినది. అది ఆమెకు సాక్షి అవుతుందా, మరొక వాంగ్మూలం అవుతుందా అన్నది ఆ నోటుపుస్తకాన్ని ఎవరు చదువుతారన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. మార్కులు వేసేవారు చదివే పుస్తకంలో ఆమె మంచి అమ్మాయిగా ఉంటుంది. ఎవరూ చదవని పుస్తకం ఉంటే, అందులో ఇంటి మాటనే రాసుకోవాలంటే, ఆమెకు మొదట ఎదురయ్యే సమస్య తత్త్వానికి సంబంధించినది కాదు. కువిలో గాలిని గొంతు మొదట్లో ఒక్క క్షణం బిగబట్టి వదిలే ధ్వని ఒకటి ఉన్నది; తెలుగు అక్షరమాలలో దానికి అక్షరం లేదు. అమ్మ నోట ఆ మాట ఎక్కడ ఆగుతుందో గుర్తుచేసుకుని, ఆ ఆగడానికి ఏ గుర్తు పెట్టాలో ఆమె తానే నిర్ణయించుకోవాలి.